గౌలిగూడ బస్టాండులో మిగిలిన బాకీ

పోయిన నెల పెద్దమ్మాయి పెళ్లికి స్టీలు సామాను కొనడానికి బేగంబజార్ వెళ్లాను. తెల్లవారుజామున ఇంట్లోంచి బయలుదేరుతుంటే నాయిన పిలిచి నా చేతిలో మూడు ఇరవై రూపాయల నోట్లు పెట్టాడు.

"గౌలిగూడ దిక్కు పోతవు గద బిడ్డా, ఒక్కసారి అడుగు" అన్నాడు.

ఏం అడగాలో నాకు తెలుసు. నేను హైదరాబాద్ వెళ్లిన ప్రతిసారీ ఆయన చెప్పేది అదే. ఆ బస్టాండు కూలిపోయిందని ఆయనకూ తెలుసు. 2018లో టీవీలో చూపిస్తే మంచం మీద లేచి కూర్చుని చూశాడు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు.

మాది నకిరేకల్. నాయినకు అక్కడ చిన్న ఫ్యాన్సీ షాపు ఉండేది. రిబ్బన్లు, దువ్వెనలు, గాజులు, పలకలు, బలపాలు, పెళ్లిళ్ల సీజన్‌లో బాసికాలు. సరుకంతా బేగంబజార్ నుంచే. నిజాం అలీఖాన్ బేగం హుమ్దా బేగం వ్యాపారులకు ఇచ్చిన జాగా కాబట్టి దానికి ఆ పేరు వచ్చిందని మాకు సరుకిచ్చే సేటే చెప్పేవాడు. నెలకోసారి నాయిన మొదటి బస్సు పట్టుకుని వెళ్లేవాడు. ఎండాకాలం సెలవుల్లో నన్నూ తీసుకుపోయేవాడు. చిట్యాల, చౌటుప్పల్, హయత్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ దాటి, దాదాపు 110 కిలోమీటర్లు వెళ్లాక బస్సు ఒక పెద్ద ఇనుప కప్పు కిందికి దూరేది. లోపలికి వెళ్లగానే ఇంజను మోత రెండింతలయ్యేది. అదే గౌలిగూడ సెంట్రల్ బస్టాండు. అందరికీ సీబీఎస్. పాతవాళ్లు మిస్ల్ అనేవారు.

నిజానికి అది బస్సుల కోసం కట్టింది కాదు, విమానాలు పెట్టుకునే హ్యాంగర్. అమెరికాలో బట్లర్ కంపెనీ చేసింది. 1932 జూన్‌లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఆ కాలం నుంచీ ఆ హ్యాంగరే బస్టాండు. ఆర్టీసీ బస్సు నంబర్లలో కనిపించే జడ్ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందంటారు. చిన్నప్పుడు అవేవీ తెలియవు. తల ఎత్తితే ఆ చివర నుంచి ఈ చివర దాకా వంగిన రేకుల కప్పు, ఇనుప దూలాల మీద పావురాలు, కింద డీజిల్ వాసన, బత్తాయి తొక్కల వాసన. వాన పడితే రేకుల మీద ఎంత చప్పుడంటే మైకులో ఏ ఊరి బస్సు చెబుతున్నారో వినపడేది కాదు. కండక్టర్లే కిందికి దిగి "నల్లగొండ, నల్లగొండ" అని గొంతు చించుకునేవారు.

మేం దిగేసరికి ఎనిమిది కూడా అయ్యేది కాదు. బేగంబజార్‌లో షాపులు తెరిచేది పది దాటాకే. ఆ రెండు గంటలూ ఆ కప్పు కిందే. నాకు బేగంబజార్ కంటే ఆ రెండు గంటలే ఎక్కువ ఇష్టం. వారపత్రికలు తాడుకు వేలాడదీసి అమ్మే అతను నన్ను ఊరికే చదువుకోనిచ్చేవాడు, పేజీ నలగకుండా చూసుకోవాలంతే. ఒకాయన చెక్కపెట్టె మెడకు తగిలించుకుని తాళాలు, గొలుసులు, చిన్న అద్దాలు అమ్మేవాడు. బత్తాయి రసం బండి, ఉడకబెట్టిన పల్లీలు, బూట్ పాలిష్ పిల్లలు. వీళ్లందరి మధ్యలో, నల్లగొండ బస్సులు ఆగే వైపు, గోడకు ఆనుకుని ఒక చాయ్ దుకాణం.

ఆ చాయ్ భాయ్ పేరు నాయినకు తెలియదు. ఆయనకూ నాయిన పేరు తెలియదు. ఆయన నాయినను "నక్రేకల్ సేట్" అనేవాడు, పక్కన కూర్చున్నాయన "దేవరకొండ సేట్". అక్కడ మనుషులకు బస్సు బోర్డులే పేర్లు. మేం చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్లు తిని, చేతి సంచి ఆయన బల్ల కింద పెట్టి బేగంబజార్ పోయేవాళ్లం. మధ్యాహ్నం హమాలీ తోపుడు బండి మీద మూటలు తెచ్చి ఆ బల్ల పక్కనే దించేవాడు. బస్సు వచ్చేదాకా వాటికి కాపలా భాయే. రసీదు లేదు, కిరాయి లేదు. ఒకసారి గాజుల పెట్టె ఒకటి బస్సు మీదికి ఎక్కించడం మరిచిపోయి ఇంటికొచ్చాక లెక్క చూసుకుని నాయిన తల పట్టుకున్నాడు. పండగ సరుకు అది. పదిహేను రోజుల తర్వాత వెళితే పెట్టె బల్ల కిందే ఉంది. దాని మీద బొగ్గుతో ఉర్దూలో ఏదో రాసి ఉంది. ఏంటని అడిగితే "నక్రేకల్" అని చదివి వినిపించాడు. ఒక్క గాజు కూడా పగల్లేదు. ఆ పెట్టె అట్ట ముక్కను నాయిన చాలాకాలం షాపు గల్లాలో దాచుకున్నాడు.

బాకీ సంగతి 1994ది. ఆ రోజు సరుకు ఎక్కువ కొన్నాడు, హమాలీకి, బస్సు లగేజీకి కలిపి 60 రూపాయలు తక్కువ పడ్డాయి. భాయ్ గల్లాలోంచి తీసిచ్చి "మళ్లీ నెల ఇయ్యి సేట్" అన్నాడు. ఆ తర్వాత అమ్మకు ఆపరేషన్ అయింది, షాపు కొన్ని నెలలు మూతపడింది. నాయిన మళ్లీ సరుకుకు వెళ్లేసరికి జిల్లా బస్సులన్నీ మూసీ దగ్గర కొత్తగా కట్టిన మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు మారిపోయాయి. ఆ చోటును ఇమ్లీబన్ అంటారు, అంటే చింతతోపు. చింతచెట్ల సంగతి నాకు తెలియదు కానీ అంతమంది దిగే చోట నాయినకు తెలిసిన మొహం ఒక్కటీ కనబడలేదట. నడుచుకుంటూ గౌలిగూడ వెళ్లాడు. చాయ్ దుకాణంలో వేరే మనిషి ఉన్నాడు. భాయ్ ఏడని అడిగితే తెలియదన్నాడు.

ఈసారి నేనూ ఇమ్లీబన్‌లో దిగి ఆ దారినే నడిచాను. అటు ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాలు, పైన మెట్రో. ఆ మలుపు తిరగ్గానే కళ్లు వాటంతట అవే పైకి వెళ్లాయి, ఆ కప్పు కోసం. అక్కడ ఉత్త ఆకాశం ఉంది. తెలిసి వెళ్లినా సరే, కాసేపు కాలు కదలలేదు. 2018 జూలై 5 తెల్లవారుజామున అదంతా ఒక్కసారిగా కుప్పకూలింది. ప్రమాదకరంగా ఉందని కొద్దిరోజుల ముందే ఆర్టీసీ ఖాళీ చేయించింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నల్లగొండ బస్సులు ఆగే వైపు ఏదో గుర్తుపట్టాలని చూశాను. గోడ లేకపోతే ఏది ఏ వైపో చెప్పడం చాలా కష్టం.

రోడ్డు అవతల సందు మొదట్లో తాళాలు బాగుచేసే పెద్దాయన కూర్చున్నాడు. ఎన్నేళ్ల నుంచి ఇక్కడున్నారు చాచా అని అడిగితే చేతిలో పని ఆపకుండానే "బస్టాండు నిండుగున్నప్పటి సంది" అన్నాడు. చాయ్ దుకాణం గురించి చెప్పాను. నల్లగొండ బస్సులు, గోడ పక్కన, మూటలు పెట్టుకోనిచ్చేవాడు అనగానే తల ఎత్తాడు.

"మూటల చాయ్! ఎర్కే. బస్సులు పోయినంక ఇంక రెండు మూడేండ్లు నడిపిండు. ఏం నడుస్తది? జిల్లాల బస్సోళ్లు రెండు గంటలు కూసుంటరు, చాయ్ తాగుతరు, పేపర్ కొంటరు, పిల్లగానికి బొమ్మ కొంటరు. సిటీ బస్సోడు ఐదు నిమిషాలు నిలవడతడు, ఎక్కి పోతడు. కప్పు మొన్న పడ్డది గని, దుకాణాలు అప్పుడే పడ్డయ్."

ఆ మాట విన్నాక నాకు ఆ బస్టాండు కొత్తగా కనిపించింది. పేపర్లన్నీ ఆ ఇనుము గురించి, అమెరికా గురించి, నిజాం గురించి రాశాయి. అవన్నీ రాయాల్సినవే. కానీ వారపత్రికల అతను, చెక్కపెట్టె అతను, భాయ్, వీళ్లంతా బతికింది మా ఎదురుచూపు మీద. మేం ఎదురుచూడటం ఆపేసి ఇమ్లీబన్‌లో దిగడం మొదలుపెట్టినప్పుడు వాళ్ల సంగతి ఒక్కరం కూడా అడగలేదు. నాయిన తప్ప.

భాయ్ ఎక్కడికి వెళ్లాడని అడిగాను. కొడుకు చాంద్రాయణగుట్ట దిక్కు ఉంటాడని ఎప్పుడో విన్నాడట. పేరు ఆయనకూ తెలియదు. "అందరం మూటల చాయ్ అనేటోళ్లం" అన్నాడు.

బేగంబజార్‌లో పని తొందరగానే అయిపోయింది. ఇప్పుడు సామాను వాళ్లే ట్రాన్స్‌పోర్ట్‌లో వేస్తారు, హమాలీని వెతుక్కోనక్కర్లేదు. తిరుగు బస్సు ఎక్కాక నాయినకు ఫోన్ చేశాను. చాచా చెప్పిందంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"చాంద్రాయణగుట్టకు బస్సులున్నయా?" అన్నాడు.

"చాలా ఉన్నయి నాయినా. కానీ అంత పెద్ద ఊర్లో పేరు లేకుంట ఎట్ల అడుగుతం?"

"మూటల చాయ్ అని అడుగు. పెండ్లి కార్డులు పంచ పోతవు గద, అప్పుడు అడుగు. ఆ పైసలు ఖర్సు పెట్టకు."

మూడు నోట్లూ చొక్కా పైజేబులో అలాగే ఉన్నాయి.