ఆర్‌ఎక్స్ 100 మానిఫోల్డ్ రబ్బరు మార్చిన అనుభవం

యమహా ఆర్‌ఎక్స్ 100 మోటార్‌సైకిల్ మన దేశంలో 1985 నుంచి 1996 వరకు తయారైంది. నేడు తిరుగుతున్న ఏ బండైనా పాతికేళ్లు దాటినదే కనుక, గాలిని, పెట్రోలును కలిపే కార్బురేటర్‌ను ఇంజిన్‌కు జోడించే మానిఫోల్డ్ రబ్బరు వేడికి, పెట్రోలుకు గట్టిపడి బీటలు వారడం సహజం. నా బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచేది; వేడెక్కాక మాత్రం యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం వెంటనే దిగేది కాదు. ఐడిలింగ్ స్క్రూ (యాక్సిలరేటర్ వదిలినప్పటి ఇంజిన్ వేగాన్ని సరిచేసేది) కాస్త తిప్పితే చాలని మెకానిక్ అన్నాడు గాని, స్పార్క్ ప్లగ్ కొన తెల్లబారి ఉండటం చూసి, అది పెట్రోలు తక్కువై ఇంజిన్ వేడెక్కుతోందనడానికి గుర్తు కనుక నేను ఒప్పుకోలేదు.

కార్బురేటర్ దాటిన తరువాత గాలి చొరబడితే మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి పిస్టన్ మితిమీరి వేడెక్కుతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌ను అలాగే నడిపితే చివరికి సీజ్ అవుతుంది, అంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. స్క్రూ తిప్పడం వల్ల శబ్దం సర్దుకుంటుందే తప్ప ఆ ప్రమాదం తప్పదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి రబ్బరు చుట్టూ కొద్దిగా నీళ్లు చిమ్మగానే శబ్దం మారింది, గాలి అక్కడినుంచే చొరబడుతోందని తేలిపోయింది.

పెట్రోల్ ట్యాప్ కట్టి, రబ్బరును కార్బురేటర్‌కు బిగించే క్లాంపు (పట్టీ) వదులు చేసి, కార్బురేటర్‌ను వెనక్కి లాగి, మానిఫోల్డ్ బోల్టులు విప్పాను. చేతిలోకి తీసుకున్న రబ్బరు పైకి నున్నగానే కనిపించింది. రెండు బొటనవేళ్లతో వంచినప్పుడు మాత్రం, క్లాంపు పట్టే అంచు కిందనే, గోరు దిగేంత పగులు నోరు తెరిచింది. దానికి సిలికాన్ పూసి మళ్లీ బిగించేవాళ్లు ఉన్నారు; మామూలు సిలికాన్ పెట్రోలుకు ఉబ్బి ఊడిపోతుంది, ఊడిన ముక్క ఇంజిన్‌లోకే పోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

విజయవాడ ఆటోనగర్‌లో కొత్తది కొనేటప్పుడు దాని అంచును గాజు పలక మీద బోర్లించి, ఎక్కడా సందు లేదని చూసుకున్నాను. ఎక్కువ సమయం తీసుకున్నది మానిఫోల్డ్‌కు, ఇంజిన్‌కు మధ్య ఉండే పాత ప్యాకింగ్‌ను గీకడమే. అది రాయిలా అతుక్కుపోయి ఉంది, అల్యూమినియం మీద గీత పడితే గాలికి మరో దారి ఇచ్చినట్లే అవుతుంది. రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కి, ఓపికగా గీకి, కొత్త ప్యాకింగ్ వేసి, ఒకే బోల్టును పూర్తిగా బిగించకుండా ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాను. బిరుసుగా ఉన్న కొత్త రబ్బరును ముందే వేడినీళ్లలో ఉంచి తుడిచినందువల్ల కార్బురేటర్ మెడ సులువుగా ఎక్కింది.

మళ్లీ నీళ్లు చిమ్మితే శబ్దంలో మార్పు రాలేదు. ఆ తరువాతే ఐడిలింగ్ సరిచేశాను. కొంత దూరం నడిపి చూస్తే ప్లగ్ కొన లేత గోధుమ రంగుకు తిరిగింది, మిశ్రమం సరిగా ఉందనడానికి అదే గుర్తు. రబ్బరు వేడికి సర్దుకొని ఉంటుందని క్లాంపు స్క్రూను మరొక్కసారి బిగించాను.