మూత లోపల రాసిన తేదీ

బండి ఇంజన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె పేరు ఈసీయూ. మా గ్యారేజీలో ఆ మాట ఎవరి నోటా రాదు. డెంటింగ్ చేసే పఠాన్ దగ్గర నుంచి మలయాళీ ఫోర్‌మన్ దాకా అందరికీ అది "కంప్యూటర్". పాత బండి స్టార్ట్ కాకపోతే ముందు ప్లగ్గులు మారుస్తారు, తర్వాత పెట్రోలు పంపు, ఆ తర్వాత బ్యాటరీ. అప్పటికీ కాకపోతే ఒకటే మాట: "కంప్యూటర్ గయా, బదల్ దో." షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఎలక్ట్రీషియన్‌గా చేరిన కొత్తలో నేనూ ఆ మాట విని తలూపినవాణ్ణే. సెకండ్‌హ్యాండ్ విడిభాగాల దుకాణాలు పక్క వీధిలోనే ఉంటే ఉన్నదాన్ని విప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది?

నాకు ఆ ఓపిక మెట్‌పల్లి నుంచి వచ్చింది. గల్ఫ్‌కు రాకముందు నాలుగేళ్లు టీవీ రిపేరు దుకాణంలో పనిచేశాను. పిక్చర్ ట్యూబుల కాలం చివరి రోజులవి. మా సారు టీవీ వెనక మూత విప్పగానే చెయ్యి పెట్టేవాడు కాదు, ముందు వాసన చూసేవాడు. "ఏం వోయిందో తర్వాత సూద్దాం, ముందుగాల ఎందుకు వోయిందో సూడు. లేకుంటే మల్ల మన కాడికే వస్తది" అనేవాడు. పని అయ్యాక మూత లోపలి వైపు పెన్సిలుతో తేదీ వేసి, ఏ కండెన్సర్ (కరెంటును కాస్త నిలవ ఉంచే చిన్న డబ్బా) మార్చాడో రాసేవాడు. రేపు ఈ టీవీ వేరే దుకాణానికి పోయినా అక్కడి పిల్లగాడికి అక్కరకొస్తుందని.

మొన్న ఎండాకాలంలో రికవరీ బండి మీద ఒక పాత జపాన్ ఫోర్‌వీల్ డ్రైవ్ బండి వచ్చింది. 1993 మోడల్, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. ఓనరు ముసలి అరబ్బీ. ఊరి బయట ఒంటెలు పెంచుకుంటాడు, మేత మోసేది ఈ బండిలోనే. కొడుకులు కొత్తది కొనిస్తామన్నా వద్దన్నాడట. అప్పటికే రెండు గ్యారేజీలు తిరిగి వచ్చింది. సెల్ఫ్ బాగా తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు.

తాళం తిప్పి మీటర్ బోర్డు చూశాను. ఇంజన్ లైటు వెలగలేదు. ఇంజన్ ఆగి ఉండగా తాళం తిప్పితే ఆ పసుపు లైటు వెలిగి తీరాలి. బల్బు తీసి చూస్తే బాగానే ఉంది. అంటే దాన్ని వెలిగించాల్సిన పెట్టె నిద్ర లేవడం లేదు. ఇంత పాత బండికి తప్పు చదివే స్కానర్ తగిలించడానికి ఈ కాలపు పోర్టు కూడా ఉండదు. వోల్టులు కొలిచే మీటరు తగిలించి, దాని ముల్లు ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టి తప్పు కోడ్ చదువుకోవాలి. పెట్టె లేస్తేనే కదా అది కూడా.

అలాగని పెట్టె పోయినట్టు కాదు. చాలామంది తొందరపడేది ఇక్కడే. దానికి కరెంటు అందుతోందా, ఎర్త్ గట్టిగా ఉందా అన్నది ముందు తేల్చాలి. మీటరు ఒక్కటే పెడితే చాలదు. తుప్పు పట్టి ఒక్క పోగు మిగిలిన తీగలోనూ అది 12 వోల్టులు చూపిస్తుంది. హెడ్‌లైట్ బల్బు తగిలిస్తే తీగ సత్తా బయటపడుతుంది. బల్బు నిండుగా వెలిగింది. తర్వాత ఇంజన్‌కు గాలి వదిలే త్రాటిల్ దగ్గరి సెన్సర్ ప్లగ్గు ఊడదీసి చూశాను. పెట్టె నుంచి అక్కడికి 5 వోల్టులు రావాలి. సున్నా. ఏదో ఒక సెన్సర్ లోపల షార్ట్ అయి ఆ 5 వోల్టులను లాగేస్తూ ఉండొచ్చు కాబట్టి ఆ లైను మీదున్నవన్నీ ఒక్కొక్కటే విప్పాను. అప్పటికీ సున్నానే. అప్పుడు గాని పెట్టె విప్పుతానని ఫోర్‌మన్‌తో అనలేదు.

"మార్కెట్‌లో 600 దిర్హాములకు దొరుకుతుంది, టైం ఎందుకు పాడు చేస్తావ్?" అన్నాడతను. అతని లెక్క అతనిది, తప్పు పట్టను. కానీ మార్కెట్‌లో దొరికేదీ ఈ వయసుదే, ఈ ఎండలోనే ఉడికినదే. ఒక్క రాత్రి ఇమ్మని అడిగి పెట్టెను రూముకు తీసుకెళ్లాను.

రూములో ఎనిమిదిమందిమి. మూత తీయగానే కుళ్లిన చేపల వాసన గుప్పుమంది. వంట వంతు ఉన్న జగిత్యాల తమ్ముడు కిచెన్‌లోంచి కేకేశాడు: "అన్నా, చేపలెవరు తెచ్చిండ్రే?" మెట్‌పల్లిలో మా సారు ముక్కుతో పట్టుకునే వాసనకు ఇది తోబుట్టువే. కండెన్సర్ల లోపలి ద్రవం కారిందంటే ఇలాగే ఉంటుంది. ఈ చిన్న డబ్బాల్లో తడి ఉంటుంది, వేడికి అది చెడుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయువు సగానికి పడిపోతుందని ఈ పనిలో ఒక మోటు లెక్క. ఇక్కడ ఎండలో మూసి పెట్టిన బండి లోపల 60 డిగ్రీలు దాటుతుంది. ముప్పై ఎండాకాలాలు తట్టుకున్నాయంటే వాటిని మెచ్చుకోవాలి.

మూడు కండెన్సర్లు కారాయి. ఆ ద్రవం బోర్డు మీద పాకి కరెంటు పారే రాగి గీతలను పచ్చగా తినేసింది. ఒక గీత పూర్తిగా తెగింది, 5 వోల్టులు పోయింది అక్కడే. వెనిగర్ ముంచిన బ్రష్‌తో తుడిచి, ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాను. కొత్తవి 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకం వేశాను. తెగిన గీత మీద వెంట్రుక లాంటి తీగ పరిచి అతికించాను. ఆ కాసేపు ఫ్యాన్ ఆపమంటే, ఆ ఉక్కపోతలో రూములో ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదు. తమ్ముడు ఫోన్ లైటు పట్టుకొని పక్కనే నిలబడ్డాడు.

అక్కడితో పని అయిపోయినట్టే అనిపిస్తుంది. రెండేళ్ల కిందట నేను అలాగే అనుకున్నాను. ఒక ఈజిప్టు అతని పికప్‌లో కండెన్సర్లు మార్చి, కాలిన చిప్ మార్చి ఇచ్చేశాను. బండి నడిచింది, అతను చేతులు పట్టుకొని దువా చేశాడు. నాలుగో రోజు రికవరీ మీద మళ్లీ వచ్చింది, అదే చిప్ కాలి. కూలి డబ్బులతో బతికే మనిషికి నాలుగు రోజుల కిరాయి పోయింది. విడిభాగాల ఖర్చు నా జీతంలోంచి పెట్టుకున్నాను, అతని కిరాయి మాత్రం తెచ్చివ్వలేకపోయాను. సారు చెప్పిన మాట చెవిలో ఉండి కూడా మరిచినందుకు ఈనాటికీ బాధే.

ఈ బోర్డులోనూ ఐడిల్ మోటారును (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ ఆగకుండా గాలి సర్దేది) తిప్పే చిప్ మీద సన్నని పగులు కనిపించింది. కండెన్సర్ కారితే చిప్ పగలదు. పొద్దున్నే మోటారు విప్పి మీటరు పెట్టాను. ఆరు పిన్నులు, లోపల నాలుగు తీగ చుట్లు. ఒక్కోదాని నిరోధం 28 నుంచి 33 ఓంలు ఉండాలి. అది 20 డిగ్రీల దగ్గరి లెక్క. మా షెడ్డులో 40 ఉన్నప్పుడు రాగి నిరోధం పెరిగి 30 నుంచి 36 దాకా చూపిస్తుంది, అది చూసి మోటారు పాడైందని పారేయకూడదు. ఇక్కడ మూడు చుట్లు సరిగ్గానే ఉన్నాయి. నాలుగోది 6 ఓంలు. 0.4 ఆంపియర్ లాగాల్సింది 2 ఆంపియర్లు లాగుతోంది. చిప్ ఎలా బతుకుతుంది? దీన్ని చూడకుండా మార్కెట్ నుంచి వేరే పెట్టె తెచ్చి పెట్టి ఉంటే, అదీ వారంలో కాలిపోయేది. తప్పు మాత్రం పెట్టె మీదే పడేది.

చిప్ కోసం స్క్రాపులో చచ్చిన పెట్టె ఒకటి కొన్నాం. మోటారు కొత్తది తెప్పించమంటే ఫోర్‌మన్ ఈసారి మారు మాట్లాడలేదు. రెండో రోజు మధ్యాహ్నం అన్నీ బిగించి తాళం తిప్పాను. పసుపు లైటు వెలిగింది. ఆ లైటు కోసం ఇంత ఎదురుచూశానా అని నాకే ఆశ్చర్యమేసింది. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకొని, కాసేపు ఎగిరి, నెమ్మదిగా నిమిషానికి 750 సార్లు తిరిగే వేగం దగ్గర నిలబడింది. ముసలాయన ఏమీ అనలేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, ఒంటె మెడ మీద చెయ్యి వేసినట్టు, చాలాసేపు అలాగే నిలుచున్నాడు.

అంతకుముందు పెట్టె మూత బిగించేటప్పుడు, లోపలి వైపు మార్కర్‌తో తేదీ వేశాను. మూడు కండెన్సర్లు, ఒక చిప్, ఒక గీత అని రాశాను. తర్వాత ఎవరి చేతికి పోతుందో, ఏ దేశం వాడు విప్పుతాడో తెలియదు కాబట్టి ఇంగ్లీషులోనే. దాని కింద ఇంకో ముక్క కూడా చేర్చాను: ఐడిల్ మోటారు మార్చాం, నాలుగు చుట్లూ 33 ఓంలు.