ఏడు సెంటీమీటర్లు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర. టి. నగర్, చెన్నై.

పొద్దున పది గంటలకు మా వీధి చివరి కల్యాణ మండపం భోజనశాలలో సమావేశం జరిగింది. వీధి మలుపులోని పాత బంగళాను, దాని వెనకాల ఉన్న రెండు ఇళ్లనూ కొన్న సంస్థ అక్కడ 22 అంతస్తుల నివాస భవనం కట్టబోతోంది. దాని నమూనా చిత్రాలు చూపించి ఇరుగుపొరుగు వారి అభిప్రాయం తెలుసుకుంటామని వారం కిందటే ఇంటింటికీ కాగితం పంచారు. వెళ్లాలని ఆ రోజే అనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు డ్రాయింగ్ ఆఫీసుల్లో, మొదట ట్రేసర్‌గా, తరువాత డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినదాన్ని కనుక, నా వీధి గురించి ఎవరో గీసిన గీతలను చూడకుండా ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు.

భోజనశాల గోడకు ఆనించి ఆరడుగుల ఫ్లెక్సీ నిలబెట్టారు. దాని మీద భవనం సాయంకాలపు ఎండలో బంగారు రంగులో మెరుస్తోంది. పడమటి ముఖమంతా అద్దం, మూలలు వంపు తిరిగి ఉన్నాయి, ప్రతి ఐదో అంతస్తుకూ వేలాడే తోట. కింద మా రోడ్డు ఉంది, కాని దాని మీద ఒక్క స్కూటరు లేదు, ఇస్త్రీబండి లేదు, పూలమ్మే ఆవిడ స్టూలు లేదు. బొమ్మ గీసినవాడు గద్దలు తిరిగేటంత ఎత్తులో నిలబడి చూసినట్టుంది. అంత ఎత్తునుంచి ఈ వీధిని చూసేవాళ్లు మాలో ఎవరూ లేరు.

వచ్చినవాళ్లు నలభై, నలభై ఐదు మంది ఉంటారు. మా వీధిలో తెలుగు ఇళ్లు ఇంకా పదో పన్నెండో మిగిలాయి, దాదాపు అందరూ వచ్చారు. మా మేడమీద ఉండే లాయరుగారు మొదట లేచి, ఇన్ని కుటుంబాలకు నీళ్లు ఎక్కడినుంచి తెస్తారు, మురుగు ఎక్కడికి పోతుంది అని గట్టిగా అడిగారు. ఎదురింటి పెద్దావిడ, మధ్యాహ్నం రెండు దాటాక తూర్పు కిటికీలోంచి వచ్చే సముద్రపు గాలితోనే తాను ఎండాకాలమంతా గడుపుతున్నానని, ఆ గాలికి ఈ భవనం అడ్డం నిలబడుతుందని చెబుతుంటే గొంతు బొంగురుపోయింది. ఆవిడ ఇల్లు భవనానికి సరిగ్గా పడమట ఉంది, ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. స్థలాల ధర పెరుగుతుందని ఇద్దరు ముగ్గురు సంతోషించారు. కాలేజీ కుర్రాళ్లు సింగపూరులా ఉందని ఫోటోలు తీసుకున్నారు. పడమటి అద్దం మీద ఏప్రిల్ ఎండ పడితే లోపల ఉండేవాళ్లకూ ఎదుటివాళ్లకూ ఎలా ఉంటుందో ఆలోచించారా అని ఒక రిటైర్డు మాస్టారు అడిగినప్పుడు మాత్రం, సంస్థవారి ముఖాల్లో కొంచెం కదలిక కనిపించింది. మిగతా గంటంతా వాదన ఎత్తు చుట్టూనే తిరిగింది. ఇరవై రెండు వద్దు పదిహేను చాలని ఒకరు, పన్నెండు చాలని మరొకరు, కూరగాయల బేరంలా సాగింది.

ఎత్తు మీద నాకు కోపం లేదు. 1961లో మా నాన్న గూడూరు నుంచి రైల్లో వచ్చి, మౌంటురోడ్డులో ఎల్‌ఐసీ భవనం ఎదుట నిలబడి, అంతస్తులు లెక్కపెట్టి, మధ్యలో లెక్క తప్పి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టారట. 1959లో అది పూర్తయినప్పుడు దేశంలోకెల్లా ఎత్తైన భవనం. ఊరికి తిరిగి వెళ్లాక ఆయన చెప్పిన మొదటి మాట ఉద్యోగం గురించి కాదు, ఆ మేడ గురించేనని మా నాయనమ్మ ఎన్నోసార్లు చెప్పేది. ఎత్తును చూసి మనిషి మురిసిపోవడం నాకు తెలుసు. తమిళనాడులో 2019 నుంచి అమలులో ఉన్న భవన నిబంధనల ప్రకారం 18.30 మీటర్లు దాటినదల్లా ఎత్తైన భవనమే, దానికి తగిన వెడల్పున్న రోడ్డు ఉంటే అన్ని అంతస్తుల విస్తీర్ణం కలిపి స్థలానికి 3.25 రెట్లు కట్టుకోవచ్చు. కాబట్టి ఇరవై రెండా పదిహేనా అన్న బేరంతో తేలేది తక్కువ. ఇచ్చిన చదరపుటడుగులు ఎలాగూ ఎక్కడో ఒకచోట పేర్చాలి. పొడుగ్గా పేర్చకపోతే అడ్డంగా పేరుస్తారు.

నేను లేచి అడిగినది ఫ్లెక్సీ గురించి కాదు. సెక్షన్ డ్రాయింగు, అంటే భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ, ఉందా, చూపించండి అన్నాను. ముందువరుసలో కూర్చున్న ఆర్కిటెక్టు అమ్మాయికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. అందరికీ అర్థం కాదని తీసుకురాలేదన్నట్టు మొదట తడబడింది, తరువాత గొట్టంలోంచి షీటు తీసి వడ్డించే బల్ల మీద పరిచింది. నా చేతిసంచిలో మూడు పలకల పాత స్కేలు ఎప్పుడూ ఉంటుంది. కాగితం మీద సెంటీమీటరు నేల మీద రెండు మీటర్లయ్యే 1:200 వైపు తిప్పి, నేలగీత మీద సున్నా పెట్టి, మొదటి ఇల్లు మొదలయ్యే అంతస్తు దాకా కొలిచాను. సరిగ్గా ఏడు సెంటీమీటర్లు. అంటే పద్నాలుగు మీటర్లు. నేలనుంచి పద్నాలుగు మీటర్ల దాకా నాలుగు అంతస్తులూ కార్లు నిలిపే జాగాయే. ఆ నాలుగు అంతస్తులకూ వీధివైపు తలుపు లేదు, కిటికీ లేదు. అల్యూమినియం పట్టీల తెర ఒకటే ఉంది. వీధివైపు ముఖం చూపే ఎలివేషన్ బొమ్మ చూశాను, ఆ తెర మా వీధి పొడవునా పంతొమ్మిది సెంటీమీటర్లు, అంటే ముప్పై ఎనిమిది మీటర్లు సాగింది. ఫ్లెక్సీలో అదే చోట పచ్చటి తీగలు పాకించి, ఎండపొడను పడేసి, మన కంటికి ఆనకుండా చేశారు.

ఎత్తు గురించి అంతసేపు వాదించుకున్నవాళ్లలో ఒక్కరూ ఈ పద్నాలుగు మీటర్ల గురించి అడగలేదు. వాళ్ల తప్పు కాదు, చూపించిన బొమ్మ అలాంటిది. అయితే రేపు ఆ భవనం ముందునుంచి బడికి నడిచే పిల్లకు ఇరవై రెండో అంతస్తు కనిపించదు. ఈ తెర కనిపిస్తుంది. రాత్రి తొమ్మిదికి పనినుంచి తిరిగొచ్చే ఆడమనిషికి ఆ ముప్పై ఎనిమిది మీటర్లలో తనను చూసే ఒక్క కిటికీ ఉండదు, పిలిస్తే పలికే ఒక్క గుమ్మం ఉండదు. ఆ పాత బంగళాకు వీధివైపు అరుగు ఉండేది, తమిళంలో తిన్నై అంటారు. పోస్టుమనిషి అక్కడ కూర్చునే ఉత్తరాలు వేరుచేసుకునేవాడు. పూలావిడ ఇప్పటికీ ఆ అరుగు మిగిలిన ముక్క మీదే బుట్ట పెట్టుకుంటుంది. 2019 నవంబరులో పాండీబజారులో వెడల్పాటి నడకదారులు తెరిచిన తరువాత, ఏమీ కొనే పని లేని ముసలివాళ్లు కూడా సాయంత్రం పూట అక్కడి బెంచీల మీద కూర్చోవడం చూశాను. నేలమట్టాన మనిషికి చోటిస్తే మనిషి వస్తాడు.

కార్లను నేలమాళిగలో పెట్టవచ్చు కదా అని అడిగాను. ఆ అమ్మాయి నిజాయితీగానే జవాబు చెప్పింది. ఇక్కడ తవ్వితే నీళ్లు ఊరతాయి, పని సాగినన్నాళ్లూ తోడుతూ ఉండాలి, చుట్టుపక్కల పాత ఇళ్ల పునాదులకు ప్రమాదం, ఖర్చు కూడా చాలా ఎక్కువ, అదీగాక నిబంధన ప్రకారం విడిచే పార్కింగు అంతస్తులు ఎఫ్‌ఎస్‌ఐ లెక్కలోకి, అంటే స్థలానికి ఇన్ని రెట్లు కట్టవచ్చనే లెక్కలోకి, రావు కనుక పైకి పేర్చడమే అందరూ చేస్తున్నారు అంది. ఆమె చెప్పిన మొదటి కారణాన్ని నేను కాదనలేను. ఈ టి. నగర్ చాలా భాగం ఒకప్పుడు చెరువు. నుంగంబాక్కం నుంచి సైదాపేట వైపు సాగిన ఆ పొడవాటి చెరువును ఆంగ్లేయులు లాంగ్ ట్యాంక్ అనేవారు. దాన్ని ఎండగట్టి 1920ల్లో వీధులు వేసి, పేటకు పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు, నడుమ ఉన్న పార్కుకు పానగల్ రాజావారి పేరు పెట్టారు. ఇద్దరూ జస్టిస్ పార్టీ నాయకులు, మన తెలుగువాళ్లే. ఆ పార్కు చుట్టూ వీధులు చక్రపు ఆకుల్లా విచ్చుకునేలా గీసినవాడెవడో గానీ, నడిచే మనిషిని మనసులో పెట్టుకుని గీశాడని ఆ రోడ్ల మీద నడిచిన ప్రతిసారీ నాకనిపిస్తుంది. చెరువు మాత్రం తన చోటు మరచిపోలేదు. 2015 డిసెంబరు వరదలో మా వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచాయి.

అప్పుడే వెనకవరుసలోంచి పక్క అపార్టుమెంటు కాపలాదారు లేచాడు. విజయనగరం వైపు మనిషి, ముందు తాపీమేస్త్రి. "నేల పరీక్ష ఎన్నిచోట్ల చేశారండీ?" అని తెలుగులో అడిగాడు, ఆ ప్రశ్నను నేను తమిళంలోకి మార్చి చెప్పాను. భోజనశాల ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. 2014 జూన్ 28న మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కూలీలు. అతని ఊరివాడొకడు ఆ శిథిలాల కింద ఉన్నాడని నాకు తెలుసు. ఇళ్లున్నవాళ్లం గాలి, నీళ్లు, ధర అంటూ అడిగాము. ఆ మేడ మీదికి ఇసుక మోయబోయేవాళ్ల తరఫున అడిగింది అతనొక్కడే. ఆరుచోట్ల బోర్లు వేశామని, నివేదిక ఇస్తామని సంస్థవారు చెప్పారు. ఆ నివేదిక ప్రతిని మాకు ఇవ్వాలని లాయరుగారు వెంటనే కాగితం మీద రాయించుకున్నారు. ఇవాళ జరిగిన మేలైన పని అదే.

సమావేశం ముగిశాక ఆ ఆర్కిటెక్టు అమ్మాయి సైట్ ప్లాను, అంటే స్థలాన్ని పైనుంచి చూపే బొమ్మ, అదీ 1:200 కొలతలోనిదే, కూడా తీసి, "ఆంటీ, ఇది కూడా చూడండి" అని నా ముందు పెట్టింది. పార్కింగు పూర్తిగా కిందికి దించలేకపోయినా, వీధివైపు ఇరవై అడుగుల లోతు విడిచి, అక్కడ మూడు నాలుగు చిన్న దుకాణాలు, వాచ్‌మన్ గది, కూర్చునే అరుగు పెట్టి, కార్లను వాటి వెనక్కి జరపవచ్చు కదా అని పెన్సిలుతో గీసి చూపించాను. కార్లు ఇరవై దాకా తగ్గుతాయంది, కాని కొట్టిపారేయలేదు. నా గీతల పక్కన ఏవో అంకెలు వేసుకుంది. ఆ వయసులో నా పైవాళ్లు నా మాట అంతసేపు వినలేదు.

ప్లాను మీద ఇంకొకటి కనిపించింది. బంగళా గేటు పక్కన ఉన్న నిద్రగన్నేరు చెట్టు మా వీధి కంతటికీ గొడుగు. ప్లానులో దాన్ని రెండు సెంటీమీటర్ల సున్నాగా గీసి, అది ఉన్న చోటునుంచి ఉత్తరానికి జరిపారు. అది నిజంగా ఉన్న చోటులోంచి కార్లెక్కే ర్యాంపు గీత పోతోంది. చెట్లంటే టెంప్లేటు పెట్టి ఖాళీ కనిపించిన చోటల్లా తిప్పే సున్నాలుగా నేనూ వందలు గీశాను, ఆఫీసులో అందరమూ గీశాము. వాటిలో ఎన్ని నిజంగా ఉన్న చెట్లో, ఎన్ని లేనివో, అప్పట్లో నేను ఎవరినీ అడగలేదు. అది ఇప్పుడు నన్ను బాధిస్తోంది.

సాయంత్రం ఐదున్నరకు ఆ మేస్త్రిని పిలిచి, పొడవాటి టేపు పట్టుకుని చెట్టు కిందికి వెళ్లాను. మాను చుట్టుకొలత మూడు మీటర్ల నలభై. కొమ్మలు విచ్చుకున్న మేర ఈ కొసనుంచి ఆ కొసకు పదహారు మీటర్లు. టేపు అంచు అతను పట్టుకుని రోడ్డు అవతలి కాలిబాట దాకా నడిచాడు, అక్కడికీ నీడ అందింది. ఆకులు అప్పటికే ముడుచుకుంటున్నాయి. పూలావిడ బుట్ట పక్కకు జరిపి, ఏం కొలుస్తున్నారమ్మా అని అడిగి, చెప్పాక గేటునుంచి మాను దాకా దూరం తానే అడుగులు వేసి లెక్కపెట్టింది. పదకొండు. టేపుతో చూస్తే మూడు మీటర్ల ముప్పై.

ఆ అమ్మాయి ఇచ్చిన ప్లాను ప్రతి ఇప్పుడు నా భోజనబల్ల మీద ఉంది. దాని మీద ట్రేసింగ్ షీటు పరిచి, నాలుగు మూలలా టేపు అంటించి, కంపాసును నాలుగు సెంటీమీటర్లకు తెరిచి, మాను నిజంగా ఉన్న చోట ముల్లు గుచ్చి ఒక్క చుట్టు తిప్పాను. ఎనిమిది సెంటీమీటర్ల వృత్తం. అది ర్యాంపును పూర్తిగా కప్పి, ఆ అల్యూమినియం తెరలోంచి లోపలికి రెండు స్తంభాల దాకా వెళ్లింది. బుధవారం ఇవ్వవలసిన అభ్యంతరపత్రానికి దీన్ని జతచేస్తాను. ఇంకు పెన్నుతో మళ్లీ దిద్దాలి, పెన్సిలు గీత జిరాక్సులో సరిగ్గా రాదు.