శాట్ మ్యాథ్‌కి ముందుగా మొదలుపెట్టాలంటే ఏం చేయించాలి

ఎంసెట్‌లో 180 నిమిషాల్లో 160 బిట్లు చేసిన తరం మనది. అందుకే అమెరికాలో పిల్లలు ఆరో గ్రేడ్‌కి రాగానే, కాలేజీ అడ్మిషన్ల కోసం రాసే శాట్ పరీక్ష బిట్లు చేయించాలని చూస్తాం. ఆ వయసులో కావలసింది బిట్లు కాదు, ఆల్జీబ్రా పునాది.

పరీక్షలోని 44 మ్యాథ్ ప్రశ్నల్లో 13 నుంచి 15 ఆల్జీబ్రావి, ఇంకో 13 నుంచి 15 అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌వి, అంటే క్వాడ్రాటిక్స్, ఎక్స్‌పొనెన్షియల్స్, ఫంక్షన్లు. డేటా మీద 5 నుంచి 7, జామెట్రీ, ట్రిగ్ కలిపి మరో 5 నుంచి 7 వస్తాయి. కాల్‌క్యులస్ ఒక్కటి కూడా ఉండదు. కాబట్టి పిల్లల్ని ప్రీకాల్‌క్ వైపు పరుగెత్తించడం కన్నా ఆల్జీబ్రా 1, 2 గట్టిగా కూర్చునేలా చూడటం మేలు. ఏడు, ఎనిమిది గ్రేడ్లలో చూసుకోవలసినవి భిన్నాలు, నిష్పత్తులు, బ్రాకెట్ ముందున్న మైనస్ గుర్తు. 7 − (x − 5) ని 2 − x అని రాసే అలవాటు అప్పుడు పోకపోతే పదకొండో గ్రేడ్‌లోనూ వెంటే ఉంటుంది.

2024 మార్చి నుంచి ఇక్కడ శాట్ కంప్యూటర్ మీదే. మ్యాథ్‌కి రెండు మాడ్యూళ్లు, అంటే భాగాలు, ఒక్కోదానికి 35 నిమిషాలు, 22 ప్రశ్నలు. ప్రశ్నకు సుమారు 95 సెకన్లన్నమాట. మొదటి మాడ్యూల్ ఎంత బాగా చేశారన్నదాన్ని బట్టి రెండోది కష్టమైనదో సులువైనదో వస్తుంది. సులువైనది వస్తే అందులో అన్నీ సరిగ్గా చేసినా 800 అందదు. అంటే మొదటి మాడ్యూల్లో పరధ్యానంగా పోగొట్టుకున్న ప్రశ్నలకే ఎక్కువ మూల్యం. ఇక్కడ నెగెటివ్ మార్కులు లేవు. జేఈఈ అలవాటుతో 'తెలియకపోతే వదిలెయ్' అని మాత్రం దయచేసి చెప్పకండి.

లెక్క వచ్చిన పిల్లలు కూడా ఎక్కువగా తప్పేది చదవడంలో. 4x + 6 = 22 అయితే 2x + 3 ఎంత అని అడుగుతారు. గబగబా x = 4 కనుక్కుని 4 పెట్టేస్తారు. జవాబు 11. రెండువైపులా సగం చేస్తే x కనుక్కోకుండానే వచ్చేస్తుంది. ఇందుకు ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది: పెన్సిల్ పట్టుకోకముందే, ప్రశ్న ఏం అడుగుతోందో మీకు తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే అర్థం కానట్టే. అమెరికా సిలబస్ పదాలు మీకు తెలియకపోయినా ఈ పరీక్ష పెట్టొచ్చు, పిల్లలకు తెలుగులో ఆలోచించే అభ్యాసమూ నిలుస్తుంది.

'కాల్‌క్యులేటర్ ముట్టుకుంటే బుర్ర మొద్దుబారుతుంది' అన్న మన పెంపకం ఇక్కడ అడ్డు. డెస్మోస్ అనే గ్రాఫులు గీసే కాల్‌క్యులేటర్ పరీక్షలోనే ఉంటుంది, మొదటి నుంచి చివరిదాకా వాడుకోవచ్చు. రెండు సమీకరణాలు టైప్ చేసి గీతలు కలిసే బిందువు మీద నొక్కితే జవాబు. టేబుల్లో అంకెలు పెట్టి, సమానం గుర్తు బదులు టిల్డే (~) వాడితే వాటికి సరిపడే గీత దొరుకుతుంది. అయితే అన్నిటికీ డెస్మోస్ తెరిచినా సమయం పోతుంది. x² − 8x + c = 0 కి ఒకే మూలం ఉండాలంటే c ఎంత అన్నది కాగితం మీద 64 − 4c = 0 తో వెంటనే 16 అని తేలిపోతుంది. క్వాడ్రాటిక్ ఫార్ములా, వృత్త సమీకరణం పరీక్షలో ఇచ్చే ఫార్ములాల రెఫరెన్స్ షీట్‌లో ఉండవు, కంఠస్థం ఉండాల్సిందే.

దాదాపు పావు వంతు ప్రశ్నలకు ఆప్షన్లుండవు, జవాబు టైప్ చేయాలి. మూడున్నరను మిశ్రమ భిన్నంగా రాయకూడదు, 7/2 లేదా 3.5 అని కొట్టాలి. 2/3 కి బదులు 0.67 కొడితే తప్పు, 0.667 అయితే ఒప్పు. భిన్నం భిన్నంగానే ఉంచడం క్షేమం.

శాట్ రాసే బ్లూబుక్ యాప్‌లోని పూర్తి ప్రాక్టీస్ టెస్టులు కొన్నే. ఎనిమిదో గ్రేడ్‌లోనే వాటిని ఖర్చు చేయొద్దు. అప్పటికి ఖాన్ అకాడెమీలోని ఉచిత పాఠాలు చాలు. ఆల్జీబ్రా 2 అయ్యాక, చాలామందికి పదో గ్రేడ్ తర్వాతి వేసవిలో, ఒక టెస్టు టైమర్‌తో పెట్టి, తప్పుల్ని చదవడంలో పోయినవి, చేయడంలో పోయినవి, అసలు రానివి అని విడదీయండి. రెండో టెస్టు వెంటనే వద్దు. రానివి నేర్చుకున్నాకే.

పదకొండో గ్రేడ్ అక్టోబర్‌లో రాసే పీశాట్ (శాట్‌కి ముందు రాసే అలాంటి పరీక్షే) నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి లెక్కకొస్తుంది. అక్కడి సెలెక్షన్ ఇండెక్స్‌లో రీడింగ్, రైటింగ్ స్కోరును రెట్టింపు చేసి, మ్యాథ్ స్కోరు కలిపి, పదితో భాగిస్తారు. మ్యాథ్ బలంగా ఉన్న మన పిల్లలు అక్కడ వెనకబడేది ఇంగ్లిష్ వల్లే. వేసవిలో వారానికి రెండు రోజులైనా దానికి కేటాయించండి.