ఎర్త్ ప్రెషర్ లెక్కల్లో నీళ్ల సంగతి - నా ఏఈఈ ప్రిపరేషన్

ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్), ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) పరీక్షలకు చదువుతున్న సివిల్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సాయిల్ మెకానిక్స్‌లో ఎర్త్ ప్రెషర్ (వెనకున్న మట్టి, దాన్ని ఆపే గోడని తోసే ఒత్తిడి) అనగానే చాలామంది పేజీ తిప్పేస్తారు. నేను కోచింగ్‌కి ఎక్కడికీ వెళ్లకుండా విజయనగరంలోనే రూమ్ తీసుకుని చదివాను. నన్నడిగితే మార్కులు తేలిగ్గా వచ్చే చాప్టర్ ఇదే.

ఫార్ములాలు తక్కువే. రాంకిన్ 1857లో చెప్పిన పద్ధతిలో గోడ వీపు నిటారుగా, నున్నగా ఉందనుకుంటాం, గోడకీ మట్టికీ మధ్య రాపిడిని పట్టించుకోం. అది కూడా లెక్కలోకి రావాలంటే అంతకంటే పాతదైన కూలుంబ్ పద్ధతి (1776) ఉంది. ఫై (మట్టి లోపలి రాపిడి కోణం) 30 డిగ్రీలైతే, మట్టి నిలువు ఒత్తిడికి ఎన్నో వంతు గోడ మీదికి వస్తుందో చెప్పే కోఎఫిషియంట్ యాక్టివ్‌లో (గోడ మట్టికి దూరంగా జరిగితే) మూడో వంతు, పాసివ్‌లో (గోడ మట్టిలోకి జరిగితే) 3, ఎట్ రెస్ట్‌లో (గోడ కదలకపోతే) 0.5. ఇవి నిద్రలో లేపి అడిగినా చెప్పాలి, పేపర్ తయారుచేసేవాళ్లకి 30 డిగ్రీలంటే అంత ఇష్టం మరి.

అసలు తిరకాసంతా నీళ్ల దగ్గరే. 6 మీటర్ల గోడ, పొడి ఇసుక బరువు ఘనపు మీటరుకి 18 కిలోన్యూటన్లు, ఫై 30 అనుకోండి. మీటరు పొడవుకి మొత్తం తోపు 108 కిలోన్యూటన్లు, అది కింద నుంచి 2 మీటర్ల ఎత్తులో పనిచేస్తుంది. అదే గోడ వెనక పైదాకా నీళ్లు నిలిచాయి, సాచురేటెడ్ (నీళ్లతో నిండిన మట్టి) బరువు 20, నీటి బరువు 10 అనుకుంటే, 20లోంచి 10 పోయి మట్టికి 10 మాత్రమే మిగులుతుంది కాబట్టి మట్టి తోపు 60కి తగ్గుతుంది గానీ నీళ్లది విడిగా 180 వస్తుంది, ఎందుకంటే నీటికి ఆ మూడో వంతు వర్తించదు, పూర్తిగా తోస్తుంది. మొత్తం 240. ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు రోడ్డు పక్క గోడల్లో బొక్కలు, పైపు ముక్కలు కనిపిస్తాయి చూడండి, వీప్ హోల్స్, అవి ఉన్నది ఈ 180ని రానివ్వకుండా చూడ్డానికే.

అందుకే లెక్క చదవగానే ఫార్ములా జోలికి పోకుండా ముందు ప్రెషర్ డయాగ్రమ్ గీసేవాణ్ని. సర్‌చార్జ్ (గోడ వెనక మట్టి మీద సమంగా పడే అదనపు బరువు) ఉంటే పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు దీర్ఘచతురస్రం, మట్టిది త్రిభుజం, నీళ్లది ఇంకో త్రిభుజం. రెండు పొరలుంటే, వాటి ఫై వేరైతే, పొరలు కలిసేచోట గీత ఒక్కసారిగా పక్కకి జరుగుతుంది, అక్కడ రెండు విలువలు రాసుకోవాలి.

బంకమట్టి లెక్కల్లో ఇంకొకటి చూసుకోండి. ఫై సున్నా, కోహెషన్ (మట్టి రేణువులు అతుక్కుని ఉండే బలం) 18, బరువు 18, ఎత్తు అదే 6 మీటర్లు. పైన 2 మీటర్లు టెన్షన్ జోన్, అంటే లెక్కలో తోపుకి బదులు లాగుడు వచ్చే భాగం, పగుళ్లు వచ్చేది అక్కడే. పగుళ్లు రాకముందు తోపు అడిగితే 108, వచ్చాక అడిగితే 144. రెండూ ఆప్షన్లలో ఉంటాయి, ప్రశ్నలో ఆ ఒక్క మాట వెతికాకే బబుల్ దిద్దండి.