గోదాములో నాలుగు మైకులు

పర్లాకిమిడిలో మా ముగ్గురి రాక్ బృందం సంగతి తెలిసినవారు మొదట అడిగేది, పాడేది తెలుగులోనా ఒడియాలోనా అని. గిటారు, బాస్, డ్రమ్స్ తప్ప మా దగ్గర పాడేవారే లేరని చెబితే కొందరు జాలిపడతారు.

నిరుడు ఎవరి ఇంట్లో వారు చెవిలో క్లిక్ ట్రాక్, అంటే తాళం తప్పకుండా టిక్ టిక్‌మనే చప్పుడు, పెట్టుకుని వాయించి, ఆ ఫైళ్లను ఒకచోట కలిపాము. లయ ఎక్కడా తప్పలేదు. అయితే ఒక వరుస ముగిసి మరొకటి ఎత్తుకునే చోట మా డ్రమ్మర్‌కు నా చేతివంక చూసి వెంట్రుకవాసి ఆగే అలవాటుంది. ఆ ఆగడం ఫైళ్లలో ఎంత వెతికినా దొరకలేదు.

దూరం వల్లే చెడిందనుకున్నాను గాని, మొగ్వాయ్ బృందం 2020లో చేసిన పని తెలిశాక ఆ అభిప్రాయాన్ని కొంత సవరించుకోవలసి వచ్చింది. ఎక్కువగా మాటలు లేని సంగీతమే చేసే ఈ స్కాట్లండు బృందం, కరోనా కాలంలో అమెరికా వెళ్లే వీలులేక ఇంగ్లండులోని స్టూడియోలో వాయించగా, రికార్డింగును నడిపించే నిర్మాత డేవ్ ఫ్రిడ్‌మన్ అమెరికా నుంచి జూమ్‌లో వింటూ సూచనలిచ్చారు. 2021 ఫిబ్రవరిలో వెలువడిన ఆ ఆల్బమ్ బ్రిటన్ ఆల్బమ్‌ల అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అంటే సముద్రం అవతల కూర్చున్నది వినే మనిషి. వాయించేవారు ఒకేచోట ఉన్నారు.

అందుకే ఈసారి మిత్రుని బంధువుల ధాన్యం గోదాములో ముగ్గురమూ ఎదురెదురుగా కూర్చుని, డ్రమ్స్‌కు రెండు, మిగిలినవాటికి ఒక్కొక్కటి చొప్పున మైకులు పెట్టాము. టెక్సస్‌లోని బర్టన్ వద్ద ఒక పాత కొట్టంలో తొలి ఆల్బమ్ రికార్డు చేసి 2015లో విడుదల చేసిన క్రుఆంగ్‌బిన్ బృందమే ఇందుకు ధైర్యమిచ్చింది. డ్రమ్స్ మోత గిటారు మైకులోకి జొరబడుతుంటే గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె, ఆంప్, చుట్టూ వడ్ల బస్తాలను నడుమెత్తున పేర్చాము. అవి మోతలో చాలా భాగాన్ని మింగి, నాకు నచ్చినంత మిగిల్చాయి.

కత్తిరించి కూర్చిన సంగీతం తక్కువదని నేననను. టార్టాయిస్ బృందం 1996లో ‘జెడ్’ అనే సుమారు 20 నిమిషాల రచనలో టేపు కోతనే వాద్యంగా మలచుకుంది. దానికి వేరే చెవి కావాలి, మాకది లేదు.

నాలుగోసారి వాయించిన టేకు కుదిరింది. కాని దాని చివరలో గుణుపురం రైలు కూత నాలుగు మైకుల్లోకీ ఎక్కింది. ఒకదానిలోంచి తీస్తే మిగిలిన మూడింటిలో వినిపిస్తుంది. మళ్లీ వాయిద్దామని బాస్ మిత్రుడు పట్టుబట్టాడు. మేము తిరిగి వెళ్లేసరికి వడ్లన్నీ మిల్లుకు తరలిపోయాయి. ఖాళీ గోదాములో ఒక్క చప్పట్టు కొడితే రెండుసార్లు తిరిగి వినిపించింది.