ఎగిరిపడే ఫైబర్ బోటుని దారిలో పెట్టుకున్నాం: నా అనుభవం

మా బాబాయి, నేను కలిసి కొన్న సెకండ్‌హ్యాండ్ ఫైబర్ బోటు 18 అడుగులది. వెనక 25 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్, చేత్తో తిప్పే హ్యాండిల్. విశాఖ పెదజాలరిపేట ఒడ్డున పెట్టుకుని, రుషికొండ దాటి వంజరాల కోసం గేలం వేటకి వెళ్తుంటాం. నెమ్మదిగా పోతే ఏ ఇబ్బందీ లేదు. థ్రాటిల్ ముప్పావు దాటించామంటే మాత్రం, కెరటమే లేని నీళ్లలో కూడా ముక్కు లేస్తూ పడుతూ గతుకుల రోడ్డు మీద ఆటోలా ఎగిరేది. గట్టిగా మలుపు తిప్పితే ఇంజిన్ ఒక్కసారిగా గీపెట్టేది, బోటు చతికిలపడేది. ఇవి చాలవన్నట్టు, మేం ఎక్కకముందే ఎడమకి కాస్త వాలి ఉండేది.

ఒడ్డున సలహాలకి కొదవ లేదు. ప్రొపెల్లర్ మార్చెయ్యమని ఒకరు, 40 హార్స్‌పవర్ ఇంజిన్ వేసుకోమని ఇంకొకరు. బాబాయి ఇంజిన్ మార్చడానికి దాదాపు సిద్ధపడిపోయాడు. మా వీధిలో సిఫ్‌నెట్ (కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ) విశాఖ యూనిట్‌లో మెరైన్ ఫిట్టర్ కోర్సు చేసిన కుర్రాడు ఉన్నాడు. అతనే అడ్డుపడ్డాడు. "ఇంజిన్ జోలికి ఇప్పుడే పోవద్దు బాబాయ్. బోటు ఏం చేస్తోందో, ఏ స్పీడులో చేస్తోందో ముందు రాసుకుందాం. ఒకసారికి ఒక్కటే మారుద్దాం" అన్నాడు. ఆ మాట పట్టుకోవడం వల్లే మా డబ్బులు మిగిలాయి.

పరీక్షలన్నీ పొద్దున్నే పెట్టుకున్నాం. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక బోటు తప్పేదో కెరటం తప్పేదో చెప్పడం కష్టం. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన తీరం వెంబడి నీటి వాలు (ప్రవాహం) ఉత్తరానికి ఉంటుంది. భీమిలి వైపు వెళ్తూ ఫోన్ జీపీఎస్‌లో స్పీడు చూసి సంబరపడితే సరిపోదు, అదే థ్రాటిల్‌తో వెనక్కి వస్తూ కూడా చూసి సగటు తియ్యాలి. ఇద్దరం లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. హ్యాండిల్ పట్టుకున్నవాడి చేతికి ఇంజిన్ ఆపే తాడు కట్టుకుని తీరాలి. ఎగిరే బోటులోంచి మనిషి పడితే, డ్రైవరు లేని బోటు గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది. ఇందులో మొహమాటం పనికిరాదు.

మొదట ఎగిరిపడటం సంగతి చూశాం. ఇంజిన్‌ని బోటుకి బిగించే బ్రాకెట్‌లో వరసగా రంధ్రాలుంటాయి, వాటిలో ఒకదాంట్లో స్టీలు పిన్ను దూర్చి ఉంటుంది. ఇంజిన్ కాలు, అంటే నీళ్లలోకి దిగి ప్రొపెల్లర్‌ని మోసే భాగం, ఏ కోణంలో ఆగాలో ఆ పిన్ను చెబుతుంది. మా పిన్ను బోటుకి దూరంగా, చివరి రంధ్రంలో ఉంది. అంటే ఇంజిన్ కాలు వెనక్కి తన్నుకుని ఉండి ముక్కుని అదే పనిగా పైకి లేపుతోంది. లేచిన ముక్కు బరువుకి పడిపోతోంది, పడగానే మళ్లీ లేస్తోంది. దీనికి తోడు పెట్రోలు ట్యాంకు, ఐసు పెట్టె, లంగరు అన్నీ వెనకే పెట్టి ఉన్నాయి. పిన్నుని ఒక్క రంధ్రం లోపలికి మార్చి వెళ్లాం, ఎగరడం సగం తగ్గింది. మర్నాడు పిన్ను ముట్టుకోకుండా ఐసు పెట్టె, లంగరు ముందుకి జరిపాం. ఎగరడం ఆగిపోయింది! బాబాయి మొహం చూడాలి ఆ రోజు.

కానీ కొత్త తలనొప్పి మొదలైంది. హ్యాండిల్ కాస్త వదిలితే చాలు, బోటు కుడికి లాగేస్తోంది. అరగంట నడిపితే భుజం పీకేది. కారణం ఫిట్టరే చెప్పాడు. ప్రొపెల్లర్ ఇరుసు నీళ్లు పారే దారిలో తిన్నగా లేకుండా వంగి ఉంటే, కిందికి దిగే రెక్క, పైకి లేచే రెక్క సమానంగా నెట్టవు, ఆ తేడా పక్కకి తోస్తుంది. మాలాంటి కుడివైపు తిరిగే ప్రొపెల్లర్‌కి కాలు బాగా లోపలికి వస్తే బోటు కుడికి, బాగా బయటికి పోతే ఎడమకి లాగుతుందట. ఇది అన్నిట్లోనూ కొంత ఉండేదే. దీనికోసమే ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డ పలక కింద, చేప రెక్కంత చిన్న ట్రిమ్ ట్యాబ్ ఇస్తారు. బోటు కుడికి లాగుతుంటే దాని వెనక అంచుని కుడికే తిప్పాలి. వినడానికి తిరకాసుగా ఉంటుంది, కానీ నీళ్లు ఆ రెక్కని తోసి కాలుని ఎదురువైపు తిప్పుతాయి. మా ట్యాబ్ బోల్టు ఉప్పుకి పట్టేసి ఉంది. తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేస్తే కదిలింది. తిప్పే ముందు పాత స్థానం దగ్గర గీత గీసుకున్నాం. ట్యాబ్‌కి పెయింట్ మాత్రం వెయ్యకండి. చాలా ఇంజిన్లలో అదే జింకు ముక్క కూడా, తుప్పు ఇంజిన్‌ని తినకుండా తను అరిగిపోవడమే దాని పని.

ట్యాబ్ తిప్పినా పెద్దగా ఫలితం కనబడలేదు. అందరం అక్కడే ఆగిపోయాం. మలుపులో ఇంజిన్ గీపెట్టడం గురించి ఆలోచిస్తుంటే ఈ రెండింటికీ లంకె దొరికింది. ఇంజిన్ గీపెట్టి బోటు నెమ్మదించిందంటే ప్రొపెల్లర్ నీటిని వదిలేసి పైనుంచి గాలి లాగుతోందని అర్థం. అంటే ఇంజిన్ మరీ ఎత్తులో ఉంది. అదే నిజమైతే ట్యాబ్ కూడా స్పీడులో సగం గాల్లోనే ఉంటుంది, దాన్ని ఎటు తిప్పితే ఏం లాభం?

బోటుని ఒడ్డుకి లాగి, వడ్రంగి దగ్గర తిన్నని పొడుగు బద్ద తెచ్చి అడుగున ఆనించి వెనక్కి పట్టుకున్నాం. ప్రొపెల్లర్ పైనున్న అడ్డ పలక బోటు అడుగుతో సమానంగా, లేదా అంగుళంలోపు తేడాతో ఉండాలి. మాది రెండు అంగుళాలకి పైనే ఎత్తులో ఉంది. కిందటి ఓనరు 15 అంగుళాల వెనక పలకకి 20 అంగుళాల లాంగ్ షాఫ్ట్ (పొడుగు కాలు) ఇంజిన్ తగిలించడానికి పైన టేకు ముక్క కూర్చాడు. ఆ ముక్క కొలతకి మించిపోయింది. దాన్ని కోసి, పాత బోల్టు రంధ్రాలని సీలెంట్‌తో పూడ్చి ఇంజిన్ దించాం. ఆ రంధ్రాలు అలాగే వదిలేస్తే లోపలి చెక్కకి నీళ్లు పట్టి పలకే కుళ్లిపోతుంది. ఆ తర్వాత మలుపులో గీపెట్టడం పోయింది. ట్యాబ్ నీళ్లలో మునిగి, కుడికి లాగడం కూడా చేతికి తెలిసీ తెలియనంతకి తగ్గింది.

మిగిలింది ఎడమ వాలు. బరువులు అటూ ఇటూ మార్చినా వాలు పోలేదు. సుత్తి పిడితో బోటు లోపలి నేల మీద కొట్టుకుంటూ వెళ్తే కుడివైపు డొల్ల శబ్దం, ఎడమవైపు మొద్దు శబ్దం. ముక్కు ఎత్తి, వెనక చిన్న రంధ్రం వేస్తే మురిగిన నీళ్లు ధారగా వచ్చాయి. బోటు తేలడానికి నేల కింద నింపిన ఫోము ఎడమవైపు నానిపోయి ఉంది. అసలే సముద్రపు నీళ్లు లీటరు కిలో కన్నా కాస్త ఎక్కువే తూగుతాయి. ఆ బరువు మేం వెళ్లిన ప్రతిసారీ మాతోనే తిరిగింది.

ఈ పని తొందరపడి చెయ్యకూడదు. తడి మీద రెసిన్ (ఫైబర్‌ని అతికించే జిగురు) పట్టదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి బోట్లు ఎలాగూ ఒడ్డునే ఉంటాయి. నేల పలక కోసి ఫోము తీస్తుంటే చేతిలో పిండితే నీళ్లు కారాయి. ఎండకి పూర్తిగా ఆరనిచ్చి, నీళ్లు దూరిన పగులు దగ్గర ఫైబర్ మ్యాట్, రెసిన్ వేసి, కొత్త ఫోము పెట్టి నేల మూశాం. అన్ని పనుల్లోకీ దీనికే ఎక్కువ ఖర్చయింది, అయినా కొత్త ఇంజిన్ ధరలో చిన్న వంతే.

హార్బర్ జెట్టీలో నీళ్లలోనే కట్టి ఉంచేవాళ్లు ఇవన్నీ చూసే ముందు అడుగున పట్టిన గుల్లలు, నాచు గీకించుకోవాలి. మాది వేట అయ్యాక ఇసుక మీదికి వచ్చేస్తుంది కాబట్టి ఆ బాధ లేదు.

నిషేధం అయ్యాక దింపితే బోటు తిన్నగా నిలబడింది, త్వరగా నీటిపైకి లేచింది. బరువు తగ్గేసరికి ఇప్పుడు ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠాన్ని కాస్త దాటుతోంది. ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి ముందుకెళ్లాల్సిన దూరం) ఒక అంగుళం పెంచితే సుమారు 150 నుంచి 200 వరకు ఆర్‌పీఎం దిగుతుంది. ఆ సైజు ప్రొపెల్లర్ దొరికేదాకా థ్రాటిల్ చివరిదాకా తిప్పొద్దని బాబాయికి చెప్పాను.